తారు పూసిన లాంతరు

నేను ఒక లాంతరును. కిరసనాయిలు పోస్తే వెలిగే, ఊదితే ఆరే మామూలు లాంతరును. ఇప్పుడు మద్రాసులో ఒక స్టూడియో గోడౌనులో, అట్టకిరీటాలకీ చెక్క తుపాకులకీ మధ్య కూర్చున్నాను. చుట్టూ ఇంత సంత ఉన్నా పలకరించే దిక్కు లేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నన్ను విశాఖపట్నంలో కొన్నది హైమవతి వాళ్ళ నాన్న. అవి యుద్ధం రోజులు. జపాను విమానాలు బాంబులు వేసి పోయాక ఊరు సగం ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు ఇంట్లో దీపం బయటికి కనపడకుండా చూసుకోవాలని సర్కారు హుకుం. ఆ మాట వీధివీధికీ చెప్పి వచ్చేవాడు సన్యాసిరావు, హార్బరులో గుమాస్తా. ఊరందరికీ ఒకసారి చెప్పి సరిపెట్టేవాడు గానీ, హైమవతి ఇంటికి మాత్రం రోజూ వచ్చి చెప్పేవాడు. దేశభక్తి ఏ గుమ్మం ముందు ముదురుతుందో ఎవరికి తెలుసు!

ఒక సాయంత్రం అతను పడవలకు పూసే తారు తెచ్చి నా గాజుకు తనే పూశాడు. ముందువైపు సన్నటి సందు వదిలాడు.

"ఈపాటి వెలుగు సాలండి. మీరు పుస్తకం సదూకోవచ్చు, నాను మిమ్మల్ని సూసుకోవచ్చు" అన్నాడు.

తారు ఆరకముందే నన్ను ఎత్తి ఆమెకు ఇచ్చాడేమో, అతని బొటనవేలి ముద్ర అందులో ఉండిపోయింది. కొన్నాళ్ళకు అతను సైన్యంలో చేరి బర్మా ఓడ ఎక్కాడు. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. అతని ఫోటో కూడా ఆమె దగ్గర లేదు. నన్ను ఆర్పి, గాజు చల్లబడ్డాక, ఆ ముద్ర మీద తన బొటనవేలు ఆనించి కూర్చునేది.

ఏళ్ళు గడిచాక ఆ కథనే నవలగా రాసింది. నవలలోనూ అతను తిరిగి రాడు. వారపత్రికలో వస్తుంటే ఇల్లిల్లూ ఏడ్చింది. ఏడుపు అంత బాగా నడుస్తుంటే సినిమావాళ్ళకు తెలియకుండా ఉంటుందా? నిర్మాత పేర్రాజుగారు కారేసుకుని దిగారు.

"ఈ కథకి ప్రాణం లాంతరేనమ్మా. అసలుదే తెరమీద కనపడాలి" అన్నారు.

"తీసుకెళ్ళండి గానీ, ఆ తారు జోలికి మాత్రం వెళ్ళకండి. ఆయనది నా దగ్గర ఇంకేమీ లేదు" అంది హైమవతి.

"అయ్యో, కళ్ళకద్దుకుని చూసుకుంటాం!"

కళ్ళకద్దుకోవడం వరకు నిజమే. ముహూర్తానికి మొదటి షాటు దీపం వెలిగించడమని తేల్చారు. ప్రొడక్షన్ మేనేజరు నన్ను చూసి గుండె బాదుకున్నాడు. "కొబ్బరికాయ కొట్టే వేళ ఈ నలుపేంటయ్యా! సినిమా పోద్ది" అని కిరసనాయిలు గుడ్డతో తారంతా తుడిపించి, చింతపండుతో తోమించి, పసుపు రాయించి బొట్లు పెట్టించాడు. పాపం, అతనిలో చెడ్డతనమేమీ లేదు. తిట్టుకుందామన్నా నాకు మనసొప్పదు.

దీపం వెలిగించమని హైమవతినే పిలిచారు. అగ్గిపుల్ల గీసి దగ్గరికొచ్చి నన్ను చూసింది. పుల్ల వేలిదాకా కాలింది. "కానివ్వండమ్మా, వర్జ్యం వచ్చేస్తోంది" అని ఎవరో తొందరపెట్టారు. ఇంకో పుల్ల గీసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ సందులోంచి చూసిన ఆమె మొహాన్ని ఆరోజు పూర్తి వెలుతురులో చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

సినిమాలో హీరో తిరిగొచ్చాడు. "ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళినవాడు రెండోసారి టికెట్టు కొనడమ్మా" అన్నారట పేర్రాజుగారు. శుభం పడింది, వంద రోజులు ఆడింది. నన్ను తిరిగి పంపాలన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ గుర్తు లేదు.

చివరికి ఆమే వచ్చింది. "మీదేదో చూసుకోండమ్మా" అని గోడౌను మనిషి అలమర చూపించాడు. వరసగా అన్నీ నాలాంటి లాంతర్లే. ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. నన్నూ ఎత్తింది. నా గాజు మీద బొటనవేలు ఆనించింది. శుభ్రంగా తోమిన గాజు, ఏం గుర్తుపడుతుంది? దించేసింది. నా పక్కదానికి ఏ షూటింగులోనో అంటుకున్న మసి మరక ఉంది. దానిమీద వేలు పెట్టి చాలాసేపు కదల్లేదు.

"ఇదే బాబూ. కొంచెం మిగిలింది" అంది.

మీతో ఇన్ని కబుర్లు చెబుతున్నాను కదా, ఆరోజు నాకు ఒక్క మాట రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో. దాన్ని పట్టుకుని ఆమె గడప దాటేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ మరక మీంచి ఆమె వేలు తియ్యలేదు.