గంగానగర్‌లో ఆరో తాళంచెవి

ప్రసూన బ్యాగు సర్దుతుంటే పక్కింటి వెంకటసుబ్బలక్ష్మి గుమ్మంలోంచి తొంగి చూసింది. చీరల అడుగున పలకల్లా ఏవో కనిపించాయి.

"భీమడోలులో మా అక్క దగ్గర నాలుగు రోజులుంటానండీ పిన్నిగారూ."

"నాలుగు రోజులకి స్వెట్టరెందుకే? భీమడోల్లో మంచు పడుతోందా?"

ప్రసూన నవ్వేసింది.

ఏలూరు శివార్లలో చేపల చెరువు పూడ్చి వేసిన కాలనీ అది. వానలు పడితే గచ్చు చెమర్చేది, గోడలు బీటలిచ్చేవి. ఆ మాట బయటికి పొక్కితే ఇల్లు కొనేవాడు దొరకడని, ఎవరూ వెళ్లిపోతున్నామని చెప్పరు. చుట్టం చూపుకని చెప్పి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోతారు. వెంకటసుబ్బలక్ష్మి ఇంట్లో మేకుకి అలాంటివి ఐదు వేలాడుతున్నాయి. ఆ వీధిలో ఇక మిగిలింది వీళ్లిద్దరే.

"నువ్వయినా తిరిగొస్తావు కదే?"

"అయ్యో, మా దేవుడి దీపం మీకే అప్పజెప్పి వెళ్తున్నాను కదండీ!"

ఆ మాటకి ఆవిడ మనసు కాస్త కుదుటపడింది. సాయంత్రం నూనె గిన్నె పట్టుకుని ప్రసూన ఇంటి తాళం తీసింది. దేవుడి గూట్లో ఒక్క పటమూ లేదు. పటాలుండే చోట గోడ తెల్లగా ఉంది.

ఆవిడ ఆ ఖాళీ గూట్లోనే దీపం వెలిగించి, ఇంటికొచ్చి, ఆరో తాళంచెవి మేకుకి తగిలించింది.

ప్రసూన మళ్లీ రాలేదు. ఆమె వెళ్లింది 2022 ఆగస్టు పదో తేదీ, బుధవారం.