వెలుగు తెలిసిన ఇద్దరు

ఎడిటర్ కొత్తమ్మాయిని పిలిచి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఆ ఇద్దరూ కలిసున్న ఫోటో కావాలి, ముఖచిత్రానికి. సాయంత్రంలోగా. బాగా వస్తే నీ ఉద్యోగం ఖాయం. రాకపోతే ఇంకోచోట చూసుకో."

ఆ ఇద్దరూ అంటే తొందరయ్య, నిదానమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు, ఆఫీసులో పడిన పేర్లు. తలుపు పూర్తిగా తెరుచుకునేలోపే ఆయన ఫోటో తీసేసేవాడు. ఆవిడ కాఫీ తాగి, ఇంటివాళ్ల కష్టసుఖాలన్నీ విని, "ఇంతకీ మీరొచ్చిన పనేంటి?" అని వాళ్లే అడిగాక గాని కెమెరా బయటికి తీసేది కాదు. ఒకే వారపత్రికలో ముప్పయ్యేళ్లపాటు ఉప్పూ నిప్పులా పోటీపడి, ఇప్పుడు ఒకేసారి రిటైరవుతున్నారు. పాత ఫోటోలన్నీ తిరగేసినా ఇద్దరూ కలిసున్నది ఒక్కటీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది, జీవితమంతా కెమెరా వెనకాలే గడిపితే?

కొత్తమ్మాయికి వాళ్లంటే ప్రాణం. పనంతా వాళ్ల దగ్గరే నేర్చుకుంది. "ఎవరింటికెళ్లినా ముందు కూర్చోవే. నిలబడే కెమెరా తీశావంటే జప్తుకొచ్చినదానిలా ఉంటావు" అనేది ఆవిడ. "నువ్వు తీసిన ఫోటో వేయకపోతే అలుగు, తప్పులేదు. మర్నాడు మాత్రం అందరికంటే ముందొచ్చి పని అడుగు" అనేవాడు ఆయన. పుస్తకాల్లో దొరికే మాటలా ఇవి? ఎన్ని ఎదురుదెబ్బలు తింటే వస్తాయో.

మేడమీది స్టూడియో గదిలోకి వస్తూనే ఇద్దరూ కిటికీ పక్కన ఎక్కడ కూర్చోవాలో సరిగ్గా అక్కడే కూర్చున్నారు. గడ్డాలు కాస్త దించారు. "కెమెరా కిందికి దించు" అన్నాడు ఆయన. "వెలుగు మొహంమీదికొచ్చేలా ఆ తెల్ల అట్ట ఇటు తిప్పవే" అంది ఆవిడ. కొత్తమ్మాయి తీస్తూనే ఉంది. ప్రతి ఫోటో కడిగిన ముత్యంలా వచ్చింది. ప్రతి ఫోటోలోనూ ఇద్దరూ బ్యాంకు గోడమీది వ్యవస్థాపకుల పటాల్లాగే ఉన్నారు.

ఆమె ఒక ఎత్తు వేసింది. అప్పటిదాకా తీసిన కెమెరా బ్యాగులో పెట్టి, రెండోది మెడలో ఉంచుకుని, జిప్పు గట్టిగా లాగింది. పని అయిపోయిందనుకుని మనుషులు మామూలుగా మారేది ఆ చప్పుడుకే. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"నేను నేర్పిన విద్య నా మీదేనా?" అన్నాడు తొందరయ్య. బ్యాగులోని కెమెరా తీసి ఫోటోలు చూశాడు. "ఇవి చాల్లేవే. బ్రహ్మాండంగా ఉన్నాయి. పంపించెయ్."

పంపితే ఏ గొడవా లేదు. ఎడిటర్ వంక పెట్టలేడు, పెద్దవాళ్లకీ సంతోషం. కొత్తమ్మాయి కెమెరా వెనక్కి తీసుకుంది.

"ఇవి నేను తీసినవి కావు బాబాయ్" అంది. "మీరు తీయించుకున్నవి."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఈలోగా ఆమె కిటికీకి నల్ల తెర లాగేసింది. కుర్చీలు గది మధ్యకి జరిపించింది. దీపాలార్పి, తన వెనకున్న తలుపు ఓరగా తెరిచింది. వసారాలోంచి వచ్చే కాస్త వెలుతురే గదికి మిగిలింది.

"ఇదేం వెలుగే? నా మీద ఎక్కడ పడుతోంది?" అన్నాడు తొందరయ్య.

"చెప్పను బాబాయ్."

నిదానమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. జుట్టు సవరించుకుంది. చేతులు మళ్లీ ఒళ్లోకి వచ్చాయి.

"నేనెలా కనిపిస్తున్నానే?" అంది చిన్నగా.

ఇన్నేళ్లూ ఎదుటివాళ్లు తనని అడిగిన మాట అది. తానెవర్నీ అడగలేదు. కొత్తమ్మాయి కెమెరా కంటికి ఆనించుకుంది. తొందరయ్యే పక్కకి తిరిగి ఆవిడ మొహంకేసి చూశాడు. ఆ మనిషి దేన్నయినా అంతసేపు చూడటం ఆఫీసులో ఎవరూ ఎరగరు.

"బాగున్నావు" అన్నాడు. "మొదట్నుంచీ బాగానే ఉన్నావు. చూసే తీరిక నాకే లేకపోయింది."

కొత్తమ్మాయి మీట నొక్కింది.

ఫోటోలో నిదానమ్మ వయసంతా కనిపిస్తోంది. కళ్లలో కాస్త బెరుకు, కాస్త సిగ్గు. ఆయన నోరు సగం తెరుచుకుని ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, తానే కెమెరా పట్టుకుని ఎడిటర్ గదికి దారితీసింది.

"కిటికీ దగ్గరిది శుభ్రంగా ఉంది కదండీ?" అన్నాడు ఎడిటర్ నసుగుతూ.

"శుభ్రంగా ఉంటుందయ్యా, అది మేం తీసుకున్నది. ఈ చీకటిది ఈ పిల్ల తీసింది. మేం చెప్పినవన్నీ పక్కనపెట్టి తీసింది. ఏది వేస్తావో నీ ఇష్టం."

ఎడిటర్ మళ్లీ చూశాడు. ఈసారి తొందరపడలేదు. "ముఖచిత్రం ఈ చీకటిదే. రేపట్నుంచి నీ బల్ల ఆ మూలది" అన్నాడు కొత్తమ్మాయితో.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. బయటికి రాగానే పెద్దవాళ్లిద్దరూ మెట్లమీద ఆమెకి అటొకరూ ఇటొకరూ చేరారు.

"తెర లాగాలని ఎలా తోచిందే?" అంది నిదానమ్మ. మాటవరసకి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"వెలుగు గురించి మీకు తెలియనిది లేదు పెద్దమ్మా. అది ఉన్నంతసేపూ మీరు పనిలోనే ఉన్నారు. అందుకే తీసేశాను."

తొందరయ్య అక్కడే ఆగిపోయాడు. "మళ్లీ చెప్పు" అన్నాడు. "ఈసారి నిదానంగా."