శనివారం క్లాసూ, డుఫియే అత్త కొసరూ

మా డుఫియే అత్త బడి మెట్టెక్కిన మనిషి కాదు. కానీ మా ఊరు కుమాసిలో, మార్కెట్లో నలభై ఏళ్ళు బట్టలమ్మింది. ఏ వస్తువైనా సరే, విప్పి అంచు తడిమి చూడందే డబ్బు తీయదు. నేను ఎంబీయేలో చేరతానంటే వెంటనే చెప్పులేసుకుంది.

"పద, నేనూ వస్తా. నీకు బేరం చేతకాదు."

"యూనివర్సిటీలో బేరమేంటత్తా? పరువు పోతుంది!"

"పరువు ఇవాళ పోతే రేపొస్తుంది. డబ్బు రాదే, బిరాగో."

నాకప్పుడు నలభై రెండేళ్ళు. డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క అత్త పక్కన బట్టల కొట్లో కూర్చున్నదాన్ని, ఇప్పుడు నా కొట్టు నాకుంది. అయినా బ్యాంకు వాళ్ళు ఏదో చెబితే అర్థమైనట్టు తలూపి వచ్చేస్తాను. ఆ తలూపుడంటేనే నాకు ఒళ్ళుమంట. ఇరవై వేల సేడీలు కూడబెట్టాను. ఈ ఏడు చేరకపోతే ఇక ఈ జన్మకు చేరను, నా సంగతి నాకు తెలుసు.

ఆఫీసులో అడ్మిషన్లు చూసే ట్వుమాసి గారు మా ముందు మూడు కాగితాలు పరిచారు. చదువు ఒకటే, ధరలు మూడు. ఎగ్జిక్యూటివ్ క్లాసు అరవై వేలు, సాయంత్రం క్లాసు ముప్పై అయిదు, శనివారం క్లాసు పద్దెనిమిది.

"ఎందుకు నాయనా అంత తేడా?" అంది అత్త.

"ఎగ్జిక్యూటివ్‌లో ఇరవై మందే ఉంటారమ్మా. ఏసీ గది, భోజనం, పై దేశాల నుంచి లెక్చరర్లు. సాయంత్రం క్లాసులో యాభై మంది. పగలంతా చెప్పినవాళ్ళే మళ్ళీ చెప్పాలి కాబట్టి వాళ్ళకి అదనంగా ఇస్తాం. శనివారం పెద్ద హాల్లో రెండొందల మంది. ఖర్చు అందరికీ పంచేస్తే తలా కొంచెమే పడుతుంది."

"పాఠం చెప్పేది?"

ఆయన కాస్త నీళ్ళు నమిలారు. "చాలామటుకు మూడింటికీ ఒకే లెక్చరర్లేనమ్మా."

"పట్టా?"

"ఒకటే."

అత్త నావైపు తిరిగింది. "విన్నావా? గుడ్డ ఒకటే, అంచు మీద అచ్చు వేరు. భోజనానికి నలభై వేలా! అరటికాయ ఉడకేసి, ఆకుకూర చేసి డబ్బాలో పెట్టిస్తా, పట్టుకుపో."

నిజం చెప్పొద్దూ, నా మనసు ఎగ్జిక్యూటివ్ మీదే ఉంది. ఆ కాగితం కూడా నున్నగా మెరుస్తోంది. కానీ నా దగ్గరున్నది ఇరవై వేలు. సరే, శనివారమే అనుకుని సంచిలో చెయ్యి పెట్టి, అక్కడే ఆగిపోయాను.

శనివారం! కుమాసిలో శనివారమంటే చావుల రోజు. ఊళ్ళో అంత్యక్రియలన్నీ ఆ రోజే. నా దగ్గర చావుకి కట్టే నల్లబట్టా ఎర్రబట్టా కొన్న ఇంటికి నేను వెళ్ళి కూర్చోకపోతే, ఆ ఇంటి ఆడవాళ్ళు మళ్ళీ నా కొట్టు గడప తొక్కరు. చదువుకుంటే కొట్టు పోతుంది, కొట్టు చూసుకుంటే చదువు పోతుంది. అంత తెలివిగలదాన్ని, ఇంటి దగ్గర ఈ ముక్క తట్టలేదు! ఏడుపొచ్చింది.

"అందుకేనా ఇంత చవక?" అన్నాను.

ట్వుమాసి గారు తల గోక్కున్నారు. "శనివారాలు నేనూ నల్లబట్టలోనే వస్తానమ్మా, ఇటు నుంచి అటే పోవడానికి."

అత్త మాత్రం చలించలేదు. "ఫీజు కట్టు. నీ చావులకి నేను వెళ్తా."

"ఆ మోకాళ్ళతోనా?"

"చావింట్లో కుర్చీలేస్తారు కదే! కూర్చోడానికి మోకాళ్ళెందుకు?" అని ఆయనవైపు తిరిగింది. "సరే నాయనా, కొసరేది?"

"ఫీజుకి కొసరుండదమ్మా."

"కుమాసిలో పుట్టి కొసరు లేకుండా అమ్ముతావా? మీ అమ్మ వింటే ఏమంటుంది?"

ఆయన నవ్వాపుకోలేకపోయారు. "సరే. ఒక్క శనివారం మానేస్తే, ఆ పాఠం సాయంత్రం క్లాసులో విననిస్తాను. పైసా తీసుకోను. ఒక్కసారే సుమా!"

"ముప్పై అయిదు వేల బట్టలోంచి ఒక ముక్క. మంచి కొసరే," అంది అత్త తృప్తిగా.

గేటు దాటాక నేను గాల్లో తేలుతున్నాను. "అత్తా, వచ్చే నెల మన కొట్టుకొచ్చే పొకువా వాళ్ళ నాన్న అంత్యక్రియలు. ఆ కొసరు శనివారం దానికి వాడుకుంటా."

అత్త టక్కున ఆగింది. "దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. అది నాది."

"నీదేంటి?"

"ఊళ్ళో చావులన్నిటికీ నేను వెళ్తా. మరి నా చావుకి ఎవరొస్తారే?"

నడిరోడ్డు మీద నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే చెయ్యి పట్టుకున్నాను.

రెండేళ్ళు చావులకెళ్ళి అత్త నా కుర్చీలో కూర్చుంది, నేను హాల్లో కూర్చున్నాను. పొకువా వాళ్ళ నాన్నకీ అత్తే వెళ్ళింది. పట్టా ఇచ్చిన రోజు సంబరాలకి కట్టే తెల్లబట్ట కట్టుకుని అందరికంటే ముందొచ్చి కూర్చుంది. నేను ఒంగి చెవిలో చెప్పాను:

"అత్తా, నీ శనివారం ఖర్చు కాలేదు."

"చూశావా, ఎంత మిగిల్చానో!" అంది.