ఎందుకు ఆపేశావు

"పొగమంచు దిగితే ఆవుల వెనక పరిగెత్తకే తిల్లా. పోతే ఆవే పోతుంది" అన్నాను. నా కూతురు రొట్టెల కోసం పొద్దున్నే కొండ దిగి వచ్చి, వాటిని సంచిలో కుక్కుకుంటోంది.

"నిరుడు పిడుగన్నావు. మొన్న పామన్నావు. ఇవాళ మంచా? రేపటికేమైనా మిగిల్చావా అమ్మా?" అని నవ్వి వెళ్లిపోయింది.

వేసవంతా పధ్నాలుగు ఆవులతో అది ఒక్కతే పైన పాకలో ఉంటుంది. వెనక ఎర్రబండ శిఖరం, ముందు పచ్చిక, పచ్చిక అంచున లోయ. సాయంత్రం పాలు పితికాక, పాలు వడగట్టే చెక్క గరాటును నోటికి ఆనించుకుని మరియతల్లినీ పునీతులనూ పేరుపేరునా పిలుస్తుంది. ఆ కేక వినిపించినంత మేర మనిషికీ గొడ్డుకూ ఆపద రాదని మా నమ్మకం. కింద మా ఊరు ఓబర్‌మాట్‌లో అందరూ అది విన్నాకే భోజనానికి కూర్చుంటారు. నేనైతే అది విన్నాకే ఊపిరి పీల్చుకుంటాను.

ఆ సాయంత్రం పొగమంచు దిగింది. కేక రాలేదు.

"గొంతు బొంగురుపోయి ఉంటుంది" అన్నాడు నా భర్త మెల్కియోర్.

"గొంతు పోతే పాక దగ్గరి గంటైనా కొట్టదా?"

"కూర్చో. నీ భయానికి సూప్ చల్లారిపోతోంది." అన్నాడే గాని, తనూ చెంచా ముట్టలేదు.

గోడకున్న పాత గరాటు తీసుకుని బయల్దేరాను. లాంతరు పట్టుకుని తనూ వచ్చాడు. కొండదారిలో చెక్క శిలువ దగ్గర ఆగాం. దానికి కుడివైపు పాకకు దారి. ఎడమవైపు లోయ. నిరుడు అందులో పడ్డ ఆవు ఎముకలు కూడా దొరకలేదు.

నేనెప్పుడూ ఆ కేక వేసినదాన్ని కాదు. గరాటు నోటికి ఆనించి పిలుస్తుంటే పేర్లు తారుమారయ్యాయి. పునీత అంతోనిని రెండుసార్లు పిలిచాను.

"ఆయనకు మొదటిసారే వినపడిందిలే. ఇక ఆపు. అది పలికితే మనకు వినపడొద్దూ?" అన్నాడు మెల్కియోర్.

ఆపాను. ఎక్కడా చప్పుడు లేదు. కాసేపటికి ఎడమవైపు ఒక రాయి దొర్లింది. కింద పడిన శబ్దం మాత్రం రాలేదు.

"ఇంకోసారి పిలవనా?"

"ఉండు. విను."

విన్నాం. లాంతరులో వత్తి చిటపటలాడింది. మెల్కియోర్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. ఇంక వినలేక గరాటు ఎత్తబోయాను.

అప్పుడు, ఎడమవైపు నుంచే, సన్నగా వినిపించింది.

"అమ్మా, ఎందుకు ఆపేశావు? నీ గొంతు పట్టుకునే వస్తున్నాను. కాలెక్కడ పెట్టాలో తెలియక అప్పటి నుంచి ఇక్కడే నిలబడి ఉన్నాను."