ఏ పేజీలో ఉంది నాయనా?

నేను ఒక వ్యాసపీఠాన్ని. పురాణం చదివేటప్పుడు పుస్తకాన్ని మోసే మడత పీటను. ఒక్క మేకు కూడా వాడకుండా ఒకే టేకు చెక్కను చీల్చి వీరాచారి నన్ను చేశాడు. మిగిలిన చెక్కతో చేసిన నా చెల్లెల్ని మసీదువాళ్ళు ఖురాన్ పెట్టుకోడానికి పట్టుకెళ్ళారు.

ఏళ్ళ తరబడి సత్రం అరుగు మీద పురాణం చెప్పే అవధానులుగారి ముందున్నాను. జనం నన్ను కళ్ళకద్దుకుంటారు గానీ, నా మీదున్న పుస్తకం తెరిచిన పాపాన పోరు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఒక ఆదివారం, ఎక్కడో పట్నంలో జరిగిన గొడవకు బదులుగా, మా ఊరి దూదేకుల మస్తాన్ పరుపుల కొట్టు తగలబెడతామని కుర్రాళ్ళు బయలుదేరారు. సంగతి తెలిసి అవధానులుగారు వాళ్ళను పిలిపించారు. అరుగు మీద మైకు కూడా పెట్టించారు, ఊరంతా వినాలని.

"ధర్మం కోసం ఏం చేసినా తప్పులేదని పురాణంలోనే ఉందంట గదా సామీ," అన్నాడు వాళ్ళకు పెద్దయిన ఫణీంద్ర.

"ఏ పేజీలో ఉంది నాయనా? చూపించు," అంటూ ఆయన నన్ను వాడి వైపు తిప్పారు.

వాడు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "నేను సదవలేదు సామీ. ఫోన్లో వచ్చింది."

అవధానులుగారు ఎగతాళి చెయ్యలేదు. తనే పేజీ తీశారు. ప్రతి ప్రాణిలోనూ దేవుడున్నాడని, సాటివాణ్ణి హింసించేవాడి పూజను ఆయన ముట్టడని, గొంతు బొంగురుపోయేదాకా చదివి విడమరిచి చెప్పారు. ఒక్కడూ మధ్యలో లేవలేదు. ఇద్దరికి కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. గెలిచామనుకున్నాను, పిచ్చి మొద్దును.

తీర్థం తీసుకున్నారు. ఫణీంద్ర నన్ను కళ్ళకద్దుకుని, "బాగా చెప్పినారు సామీ," అని వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా బజారంతా కాలిన దూది వాసన. మస్తాన్ కొట్టులోంచి బయటపడలేకపోయాడు.

ఎవరు చేశారో తెలియదంది ఊరు. మర్నాడు ఆ కుర్రాళ్ళే స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, అరుగు ముందు వరసలో కూర్చున్నారు. "ఈ పొద్దు ఏ ఘట్టం సామీ?" అని ఫణీంద్ర మర్యాదగానే అడిగాడు.

ఆయన పుస్తకం తెరవలేదు. నన్ను మడిచి చంకన పెట్టుకుని మస్తాన్ ఇంటికి నడిచారు. మస్తాన్ భార్య హుసేన్‌బీ గడపలో కూర్చుని ఉంది.

"వాళ్ళకు చదివి చెప్పాను తల్లీ," అన్నారు.

"తెలుసు సామీ. నిన్న పొద్దున్నే పక్కూరు పోదామని మూటలు కట్టుకున్యాం. మైకులో మీ మాటలు ఇని, ఇంగ బయం లేదులే అని ఆయనే పోయి కొట్టు తెరిసినాడు."

ఆ పూట నుంచి నేను అవధానులుగారి ఇంటి అటక మీదే ఉన్నాను, మడిచినట్టే. నన్ను మళ్ళీ విప్పమని అడిగే ధైర్యం నాకూ లేదు.