తల్లి మోకాలు

"నా మీదే అనుమానమా?" అన్నాడు పెద్దాయన. ఒక్క వీడియో చూడలేదు, ఒక్క లెక్క అడగలేదు. ఆయన గదిలోంచి బయటికి వచ్చేసరికి నా చెవులు కాలుతున్నాయి.

పసిపిల్లల మనసును పరీక్షించే మా ప్రయోగశాలకు ఆయనే అధిపతి. నాకు పని నేర్పినవాడు. ఆయనకు పేరు తెచ్చింది ఒకే ప్రయోగం. తల్లి ఒళ్ళో పాపను కూర్చోబెట్టి, ఎదురుగా తెర మీద రెండు ముఖాలు వేస్తారు. ఒకటి కాసేపటి ముందు చూపించినది, రెండోది కొత్తది. మాటలు రాని పాప పాత ముఖం వైపే ఎక్కువగా చూస్తుంది. గుర్తుపట్టిందని అర్థం. ఏళ్ళ తరబడి పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతి. నేనూ నమ్మకంగా పాఠం చెప్పాను.

నేను చేసిన నేరమల్లా తల్లుల కళ్ళకు గంతలు కట్టడం. ఒకసారి ఒక తల్లి మోకాలు, ఆమెకే తెలియకుండా, పాత ముఖం వైపు ఒరిగింది. పాపా అటే తిరిగింది. బిడ్డ నెగ్గాలని ఏ తల్లికి ఉండదు? గంతలు కట్టాక పిల్లలు రెండువైపులా సమానంగా చూశారు.

"గంతలు చూసి పిల్లలు జడుసుకుని ఉంటారు. ఆ వీడియోలు తీసెయ్యి. లేకపోతే సంతకం పెట్టను," అన్నాడు. ఆయన సంతకం లేనిదే వ్యాసం పత్రికకు పోదు. ఒక్క పాప కూడా ఏడవలేదని చెప్పినా వినలేదు.

నా ఎదురు బల్ల దగ్గర పనిచేసే అమ్మాయిని అందరం అడ్డుప్రశ్న అంటాం.

"చీవాట్లు బాగా పడ్డాయా అక్కా?"

"మామూలుగా కాదు."

"ఆ ప్రయోగం ఆయన ఒళ్ళో బిడ్డ. ఎవరు ముట్టుకున్నా ఆయనే గుక్కపెట్టి ఏడుస్తాడు." ఇద్దరం నవ్వుకున్నాం. "అది సరేగానీ, వీడియోలు చూస్తూ, పాప ఎటు చూసిందో మీట నొక్కి నమోదు చేసిందెవరు?"

"నేనే."

"వాటిలో తల్లి మొహం కనిపిస్తుందిగా?"

"కనిపిస్తే?"

"గంతలున్నాయో లేవో తెలిసే నమోదు చేశావన్నమాట."

ఒళ్ళు భగ్గుమంది. "నా మీదే అనుమానమా?" అన్నాను.

గొంతు నాది, మాట ఆయనది. అడ్డుప్రశ్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పాప చూపు మధ్యలో తచ్చాడినప్పుడు నా వేలు ఏ మీట మీదికి పోయిందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ తల్లికి తన మోకాలి సంగతి తెలుసా?

కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే అట్టపెట్టె చింపి, ఒక ముక్కను కంప్యూటర్ తెర పైసగానికి టేపుతో అంటించాను. తల్లుల మొహాలు మాయమయ్యాయి, ఒళ్ళో పిల్లలు మిగిలారు. వీడియోల వరుస కలగాపులగం చేసి, ఈసారి అడ్డుప్రశ్నను కూర్చోమన్నాను.

గంతలున్నా, పిల్లలు పాత ముఖం వైపు కాస్త మొగ్గారు. ఆయన చెప్పినంత కాదు. కానీ మొదటి లెక్కలో ఆ కాస్తనీ నేను తుడిచేశాను.

తెరకు అట్టముక్క అడ్డుపెట్టిన సంగతి చెప్పి, కొత్త లెక్కలు చూపిస్తే పెద్దాయన మొహం వెలిగిపోయింది. "చూశావా? నేను చెప్పలేదూ!"

"మీరు చెప్పింది ఇది కాదు సార్! మీ ఫలితంలో చాలా భాగం తల్లులదే. నా తప్పు నేను వ్యాసంలో రాశాను. మీ పాత వీడియోల్లో పిల్లల చూపులు నమోదు చేసిందెవరు?"

ఆయన సంతకం పెట్టలేదు.

"ఆ అట్టముక్క తీసుకురా," అన్నాడు చివరికి, నా మొహం చూడకుండా.

చింపేస్తాడనుకుంటూనే తెచ్చి బల్ల మీద విసిరినంత పని చేశాను. ఆయన దాన్ని తన తెరకు ఆనించి, టేపు కోసం సొరుగులు వెతకసాగాడు.