ఉడకబెట్టిన స్పాంజి

గురువారం పొద్దున నాలుగో చేప చచ్చింది. ఆరింటిలో నాలుగు. అక్క దాన్ని చిన్న వలతో తీసి, పాత పేపర్లో మడిచి, మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి నా మంచం పక్కన నిలబడింది.

"నీళ్ళలో ఏదో ఉందిరా బుజ్జిగా. స్పాంజిని ఇవాళ ఇంకోసారి ఉడకబెడతాను" అంది.

నాకు నలభై నాలుగేళ్ళు. మీసం సగం నెరిసింది. అయినా మా అక్కకి నేను బుజ్జిగాడినే. ఆమె నాకంటే పదహారేళ్ళు పెద్దది. నన్ను పెంచింది తనే కాబట్టి పేరు మార్చమని అడిగే హక్కు నాకు లేదట.

నా పని లిఫ్టులు బాగుచేయడం. ఐదు నెలల క్రితం లిఫ్టు గోతిలో పడి తుంటి విరగ్గొట్టుకున్నాను. లోపల ప్లేటు వేశారు. ఆసుపత్రి నుంచి అక్క నన్ను నేరుగా తన ఇంటికి తెచ్చింది. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. లిఫ్టు మెకానిక్కుని మెట్ల మీద మోసుకెళ్తుంటే చూసి నవ్వనివాళ్ళు లేరు.

కర్ర పట్టుకుని మెల్లగా మెట్లు దిగొచ్చని డాక్టరు చెప్పి నెలయింది. అక్క వింటేగా! తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బజారుకు వెళ్ళేటప్పుడు బయట గడియపెట్టి తాళం వేసుకుని వెళ్ళేది. "నేను లేనప్పుడు నువ్వు లేచి తిరుగుతావు. నీ సంగతి నాకు తెలియదా?" అనేది. ఆ తాళం పడిన చప్పుడు వినగానే నాకు ఒళ్ళు మండిపోయేది. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ, ఒక పైపు, ఆ పైపు కింద తడి మచ్చ. ఐదు నెలలుగా ఆ మచ్చనే చూస్తున్నాను. కంపెనీ వాళ్ళు కాగితం పంపారు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం, పదిగంటలకు నేను ఆఫీసుకు వచ్చి నడిచి చూపించాలి. రాకపోతే నా స్థానంలో ఇంకొకరిని తీసుకుంటారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగం. అది పోతే ఇక ఈ గది, ఈ మచ్చ, ఈ బుజ్జిగాడు, అంతే.

చేపల తొట్టె మా వర్క్‌షాప్ వాళ్ళు తెచ్చి పెట్టింది. రెండడుగుల గాజు తొట్టె, కింద గులకరాళ్ళు, బుడగలు వదిలే చిన్న మోటారు, మూలన నీళ్ళు వడకట్టే స్పాంజి ఫిల్టరు, ఆరు గప్పీ చేపలు. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంటుంది. తోకలు మాత్రం పట్టు కుచ్చుల్లా ఉంటాయి. "మీ వాడికి పొద్దుపోతుందక్కా" అన్నారు. అక్క తొట్టెను చూసిన మొదటి చూపులోనే నాకు భయం వేసింది.

ఎందుకంటే మా అక్క ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ వెనక గదిలో పనిచేసింది. కత్తులు, కత్తెర్లు, సూదులు, గుడ్డలు అన్నీ ఉడకబెట్టి, డ్రమ్ముల్లో పెట్టి ఆవిరి పట్టించి లోపలికి పంపేది. "నేను పంపిన కత్తితో కోసిన కోత ఒక్కటీ చీము పట్టలేదు" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అది గొప్పే, కాదనను. కానీ రిటైరైన నెలలోనే నేను గోతిలో పడ్డాను. ఉడకబెట్టడానికి ఏమీ లేక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్న మనిషికి నేను దొరికాను. నా గ్లాసు, నా చెంచా, నా దువ్వెన, నా కర్ర చివరి రబ్బరు తొడుగు అన్నీ ఉడికాయి. చేపలు వచ్చాక స్పాంజి వంతు వచ్చింది. రోజూ పొద్దున దాన్ని తీసి, పెద్ద గిన్నెలో పదిహేను నిమిషాలు మరిగించి, పటకారుతో తీసి, చల్లారాక పెట్టేది. తొట్టెలో నీళ్ళన్నీ పారబోసి కొళాయి నీళ్ళు పట్టేది. గులకరాళ్ళు కూడా రుద్దేది. నీళ్ళు అద్దంలా మెరిసేవి. ఆ అద్దంలాంటి నీళ్ళలో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకునేవి.

నాలుగోది పోయాక నేను చేపల కొట్టు ఆయనకు ఫోన్ చేశాను.

"మేత ఎంత వేస్తున్నారు?" అని అడిగాడు.

"పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు."

"ఒక్క పూట చాలు. రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. స్పాంజి ఎప్పుడు కడిగారు?"

"రోజూ కడుగుతుంది మా అక్క. ఉడకబెడుతుంది."

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నట్టున్నాడు.

"ఏం చేస్తుందండీ?"

మళ్ళీ చెప్పాను. ఆయన నవ్వలేదు, అదొక్కటే మర్యాద. చేపల మలం, మిగిలిన మేత కలిసి నీళ్ళలో విషం తయారవుతుందట. అది కంటికి కనిపించదు. దాన్ని తినేసే మంచి క్రిములు ఆ స్పాంజిలోనే కాపురం పెడతాయట. అవి కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది. మేం రోజూ వాటి కాపురం కూల్చేస్తున్నాం. పైగా కొళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ మిగిలినవాటిని చంపుతోంది.

"స్పాంజి జోలికి వెళ్ళకండి. మరీ మురికి పడితే తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండండి, అంతే. ఇప్పటికి రోజూ పావు వంతు నీళ్ళు మార్చండి. బకెట్లో ఒక రోజు నిలవ ఉంచిన నీళ్ళు పొయ్యండి. నీళ్ళు కాస్త మసకబారితే కంగారుపడకండి. శుభ్రం ఎక్కువైనా చేపలు బతకవండీ" అన్నాడు.

అక్క బజారు నుంచి రాగానే చెప్పాను. మెల్లగా చెప్పాల్సింది. ఐదు నెలల కోపం గొంతు దాకా ఉంది, మెల్లగా ఎక్కడ వస్తుంది?

"మంచి క్రిములేంటిరా? క్రిముల్లో మంచివి, చెడ్డవి ఉంటాయా? నాకా చెప్తున్నావు?" అంది.

"చేపల కొట్టాయన చెప్పాడు."

"అయితే నా చేతులతో నేనే చంపానంటావా?"

"అవును. నీ శుభ్రమే చంపింది. చేపల్నే కాదు, తాళం వేసి నన్ను కూడా అలాగే చంపుతున్నావు."

నోరు జారింది. అన్న మరుక్షణమే వెనక్కి తీసుకోవాలనిపించింది. అక్క వంటింట్లోకి వెళ్ళి, స్పాంజి కోసం పొయ్యి మీద పెట్టి ఉంచిన గిన్నె దించి, నీళ్ళు పారబోసి, గిన్నె బోర్లించింది.

మర్నాటి నుంచి తొట్టె పని మొత్తం నాది. మంచం మీంచి లేచి, మగ్గుతో నీళ్ళు తీసి, నిలవ నీళ్ళు పోసేవాణ్ణి. అక్క ఎదురుగా కుర్చీలో కూర్చుని చూసేది. మూడో రోజుకు నీళ్ళు మసకేశాయి. గాజుకు పల్చగా జిగురు పట్టింది. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. నా చిన్నప్పుడు అల్లరి చేయొద్దని నన్ను అలా కూర్చోబెట్టేది. నవ్వొచ్చింది, జాలీ వేసింది. రెండు చేపలూ మాత్రం పైకి వచ్చి నోళ్ళు తెరవడం మానేశాయి. వారం తిరిగేసరికి మేత వెయ్యగానే పరిగెత్తుకు రావడం మొదలెట్టాయి.

"బతుకుతాయంటావా?" అని అడిగింది ఒకరోజు.

"నువ్వు ముట్టుకోకపోతే బతుకుతాయి" అన్నాను.

ఆ పదకొండు రోజులూ నేను తాళం మీద అరుస్తూనే ఉన్నాను. ఆమె సంచి తీసుకుంటే చాలు, "వేసుకో, తాళం వేసుకుని వెళ్ళు, జైలరమ్మా!" అనేవాణ్ణి. ఉద్యోగం పోతే ఆ పాపం నీదే అన్నాను. సూపర్‌వైజర్ ఫోన్ చేసి వస్తున్నావా అంటే, "మా అక్క తలుపు తీస్తే వస్తాను" అన్నాను, ఆమెకు వినపడేలా. ఆమె నిమ్మకు నీరెత్తినట్టు చెప్పులేసుకుని వెళ్ళిపోయేది.

సోమవారం వచ్చింది. ఎనిమిదింటికే తయారై, కర్ర పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"తాళంచెవి ఇవ్వు" అన్నాను.

అక్క చేతులు తుడుచుకుంది. "ఏ తాళంరా? మనం గొడవపడ్డ మర్నాటి నుంచే వెయ్యట్లేదు."

ఇక్కడ మీ దగ్గర ఒక సంగతి దాచాను. ఆమె తాళం వెయ్యట్లేదని నాకు తెలుసు. గొడవైన రెండో రోజు, శనివారమే తెలిసింది. చప్పుడు వినపడలేదేమిటా అని, ఆమె వెళ్ళాక లేచి తలుపు లాగాను. తెరుచుకుంది. ఎదురుగా మెట్లు. మెట్ల మధ్య సందులోంచి అడుగున సిమెంటు నేల కనిపించింది. నాలుగంతస్తుల లోతు. నా చెయ్యి కర్ర మీద జారింది, చెమట. తలుపు మూసేసి, వచ్చి పడుకున్నాను. ఆమె తిరిగి రాగానే ఇంకా గట్టిగా అరిచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దిగలేక తాళాన్ని తిట్టాను.

"నాకు తెలుసు" అన్నాను తల దించుకుని.

"నీకు తెలుసని నాకూ తెలుసు. ఆ రోజు తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మడతపడి ఉంది."

"మరి ఇన్ని తిట్లు ఎందుకు పడ్డావు? ఒక్క మాట అనొచ్చుగా?"

ఆమె కొంగుతో మళ్ళీ చేతులు తుడుచుకుంది, పొడిగా ఉన్న చేతులే.

"అంటే నువ్వు వెళ్ళాల్సొస్తుంది కదరా. తిడుతూ అయినా ఉంటావనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఏడవలేదు, విరిగిన రోజు కూడా. ఇద్దరం కలిసి లేని తాళాన్ని అడ్డం పెట్టుకుని బతుకుతున్నాం. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది.

అక్క వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. గడప దాకా నడిచాను. కిందికి చూడకూడదనుకుంటూనే చూశాను. ఆమె చెయ్యి నా మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది.

"పట్టుకోనా?"

"వద్దు. పట్టుకుంటే మళ్ళీ లోపలికే వస్తాను. నువ్వు ముందు నడు."

ఆమె కమ్మీ పట్టుకుని నా ముందు దిగడం మొదలెట్టింది, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. నేను కర్ర ఆనించి, మంచి కాలు పై మెట్టు మీదే ఉంచి, ప్లేటున్న కాలు ముందు దింపుతూ వెనక దిగాను. తొమ్మిది మెట్ల తర్వాత మలుపు వచ్చింది. అక్కడ నా కాళ్ళు ముందుకు సాగలేదు. పైన తలుపు తెరిచే ఉంది, తొమ్మిదే మెట్లు, వెనక్కి వెళ్ళిపోవచ్చు.

"అక్కా, భయంగా ఉంది" అన్నాను.

ఆమె వెనక్కి తిరగలేదు.

"నాకూ భయంగానే ఉందిరా" అని, ఇంకో మెట్టు దిగింది.

నేనూ దిగాను.